సున్నా దగ్గర డౌటు

"మళ్ళీ అదే డౌటా, ముకుంద్?"

పారీక్ సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కుర్రాడి వంక చూశాడు.

కోటా పట్టణంలో క్లాసులు అయిపోయాక కోచింగ్ సెంటర్ కింది అంతస్తులో డౌట్ కౌంటర్లు తెరుస్తారు. పిల్లలు రాని లెక్క పట్టుకొస్తారు, మాస్టర్లు చెప్పి పంపుతారు. పొద్దు వాలింది. మిగతా కౌంటర్ల వాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. పారీక్ సారు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా ముకుంద్ ఝా, వేరే బ్యాచ్‌లో చదివే దర్భంగా కుర్రాడు.

"x నాలుగో ఘాతం సార్. సున్నా దగ్గర రెండో డెరివేటివ్ సున్నా వస్తోంది. అంటే గ్రాఫు వంపు అక్కడ తిరగబడినట్టే కదా?"

కోచింగ్‌కు వచ్చిన ప్రతివాడూ చేసే తప్పే ఇది. సున్నా కనబడగానే ఎగిరి గంతేసి, వంపు మారిందని రాసేస్తారు. ఒకసారి చేస్తారు. వారం పొడుగునా ఎవడు చేస్తాడు?

"సున్నాని చూసి మురిసిపోకురా. అటూ ఇటూ కూడా చూడు. రెండు పక్కలా ప్లస్సే ఉంది. ఇంక వంపెక్కడ మారింది, నీ తలకాయ! గిన్నె అడుగు అది."

"అర్థమైంది సార్," అన్నాడు ముకుంద్. లేవలేదు.

సారుకీ అర్థమైంది. పోయిన వారం ఒక అమ్మాయి ఇలాగే వచ్చింది. అంతకుముందు వారం ఇంకొకడు. ఏదో పిచ్చి డౌటు అడగడం, ఆ తర్వాత కదలకుండా కూర్చోవడం. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చిన పిల్లలు. హాస్టల్ గది, నాలుగు గోడలు, పలకరించే దిక్కు ఉండదు. ఒంటరితనం మనిషిని ఎలా తొలిచేస్తుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. వీడు ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని భయపడ్డాడు.

"ఏమైనా తిన్నావా?"

"లేదు సార్. మీరు?"

"నా సంగతి సరేలే."

"మీరు తింటే తింటాను."

మొండి ఘటం. సారు రెండు కచోరీలు తెప్పించాడు. వాడి కోసం తనూ తినక తప్పలేదు. ఇంత ఆకలి వేస్తోందని తింటుంటేగానీ తెలియలేదు.

తర్వాత ఓ కాగితం మీద కిందికి జారే గీత గీశాడు. "మార్కులు తగ్గుతున్నాయనుకో. మొదటి డెరివేటివ్ మైనస్. పడిపోతున్నావు, నిజమే. కానీ పడే జోరు తగ్గుతోంది చూడు. రెండోది ప్లస్. అంటే అడుగు దగ్గరపడింది. ఆపైన ఎక్కడమే."

ముకుంద్ ఆ గీత మీద వేలు పెట్టాడు.

"పడేవాడికి ఆ సంగతి తెలుస్తుందా సార్?"

"తెలీదురా. పక్కనున్నవాళ్ళే చెప్పాలి."

"అయితే రేపు కూడా వస్తాను సార్."

సారు హాస్టల్ దాకా దిగబెడతానంటే వాడు వినలేదు. తనే సారు వెంట ఆయన వీధి దాకా నడిచాడు. సారు తలుపు తాళం తీస్తుంటే మలుపులో నిలబడి చూస్తున్నాడు. పాపం, గదికి పోవాలంటే భయం కాబోలు అనుకున్నాడాయన.

ఆ రాత్రి సారుకు కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే హాస్టల్‌కు పరుగెత్తాడు. పిల్లలంతా పిన్నిలా చూసుకునే వార్డెన్ సజ్జన్ మౌసీ వాకిట్లో కూర్చుని మెంతికూర వలుస్తోంది.

"మౌసీ, ఆ ముకుంద్‌ని కాస్త కనిపెట్టుకుని ఉండండి. చదువు బుర్రకెక్కక దిగులు పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఒంటరిగా వదలకండి."

"ఎవరూ, మన ముకుందా? వాడు బ్యాచ్ మొత్తానికి ఫస్టు కదా సార్!"

"మరి రోజూ నా దగ్గరికొచ్చి ఆ కూర్చోవడమేంటి?"

మౌసీ చేతిలో కూర పక్కన పెట్టింది.

"మీ ఇంటావిడ కాలం చేశాక మీరు చీకటి పడ్డా ఇంటికి పోకుండా ఆ కౌంటర్లో ఒక్కరే కూర్చుంటున్నారని, పిల్లలు వారానికొకరు వంతులేసుకున్నారు సార్."