గంట మందు

భర్త కాలి ఎముకకు ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆరు వారాలపాటు రోజూ ఇంట్లోనే నరంలోకి మందు ఎక్కించాలి. గంటలో అయిపోవాల్సిన సీసాకు రెండు గంటలు పడుతోంది.

"మందుకీ మీ బద్ధకం అంటుకున్నట్టుంది," అని ఎత్తిపొడిచేది దర్జీ పని చేసే భార్య. మందు ఎక్కినంతసేపూ ఆమె పక్కనే కూర్చునేది. కుట్టుమిషను ఆగేది అప్పుడే.

రోజూ సీసా తగిలించి వెళ్లే నర్సు ఒకరోజు చెప్పకుండా మధ్యలోనే తిరిగొచ్చింది. గొట్టం మీది చక్రాన్ని తిప్పుతూ భర్త దొరికిపోయాడు.

"చుక్కలు తగ్గిస్తున్నది మీరేనా బాబాయ్?"

"మెల్లగా మాట్లాడమ్మా," అన్నాడాయన. కుర్చీలో భార్య తల వాల్చి నిద్రపోతోంది. "నాకు జబ్బు చేశాక ఆవిడ కునుకు తీసేది ఈ కాసేపే."

నర్సు చక్రాన్ని సరిచేసింది.

"మందు గంటలోనే ఎక్కాలి," అంది గొంతు తగ్గించి. "అయిపోయిందని పిన్నికి చెప్పడం మాత్రం నా డ్యూటీ కాదు."