చామదుంపల కొసరు

రైతుబజారులో తూకం మిషను, కొనే మనిషి చేతికున్న ఆరోగ్యపు పట్టీ చూసి, ఆ ఒంటికి పడే కూరలే తూచే రోజులవి. జనానికి అదీ అలవాటైపోయింది. సింహాద్రప్పడు చామదుంపలు అడిగితే మిషను ఎర్రగా వెలిగి, "షుగరుంది, ఇవ్వకూడదు" అంది.

"తినీది నాను కాదే పారమ్మా. రేపు మా పోలమ్మ సంవత్సరీకం. చామదుంపల పులుసు లేకపోతే అది ఇస్తరి ముట్టదు" అన్నాడు.

కూరలమ్మే పారమ్మ నిట్టూర్చింది. "పోయినోలికి పట్టీలుండవు కదా బావా. దీనికేటి తెలుస్తాది?"

నలభై ఏళ్ళు వండిపెట్టిన మనిషికి ఇష్టమైంది ఒక్క పూట పెట్టలేకపోతున్నానే అనుకుంటూ ముసలాయన సంచీ మడిచి వెనుదిరిగాడు.

"ఆగు. పావుకిలో బీరకాయలు తీసుకో" అంది పారమ్మ.

మిషను పచ్చగా వెలిగి బీరకాయలు తూచింది. ఆ వెంటనే పారమ్మ రెండు దోసిళ్ళ చామదుంపలు తీసి అతని సంచీలో పోసింది.

"ఇదేటే?"

"కొసరు. మాయమ్మ నాటినుంచీ కొసరు తూచినోలు నేరు."

మిషను ఇంకా పచ్చగానే వెలుగుతోంది. సింహాద్రప్పడు సంచీలోకి చూస్తూ నిలబడిపోయాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించలేదు.

"పులుసెలా పెడతారే?" అన్నాడు మెల్లిగా.

వెనక వరసలో వాళ్ళందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. పారమ్మ చెయ్యెత్తి వాళ్ళను ఆపింది.

"మా పోలమ్మప్ప ఆఖర్న సిన్న బెల్లమ్ముక్క వేసీది బావా. ఇక్కడ నిలబడే నాకు సెప్పింది."