కల్తీ లేని పెట్రోలు

ఆఫీసు ఆవరణలో తన మేకలకు గడ్డి కోసుకునే లాల్ బీని, కోస్గికి కొత్తగా వచ్చిన ఆఫీసరు గేటు బయటికి పంపించాడు. గడ్డి కోసే మిషన్ తెమ్మని స్కూటర్ మెకానిక్ మక్సూద్‌కు పురమాయించాడు.

మక్సూద్ కరెంటు మిషన్ వద్దని పెట్రోలుది తెచ్చాడు.

"పెట్రోల్ల ఆయిల్ కలపాలె సార్."

"కలపడమా? నా హయాంలో కల్తీ నడవదు." అంత నిజాయితీపరుడు మరి.

మక్సూద్ ఆయిల్ డబ్బా పక్కన పెట్టేశాడు. స్వచ్ఛమైన పెట్రోలు పోసి, కొబ్బరికాయ కొట్టారు. మిషన్ పావుగంట గర్జించి, ఆయిల్ లేక వేడెక్కి, మళ్ళీ లేవకుండా బిగుసుకుపోయింది.

"ఆ ముసలమ్మనే పిలవండి," అన్నాడు ఆఫీసరు.

ఇంటికొచ్చిన లాల్ బీ మేకల ముందు గడ్డిమోపు దింపింది. "సారు ఆయిల్ పోయనియ్యడని నీకు ముందే ఎర్కనా బేటా?"

"ఆయన స్కూటరు గిదే రోగంతోని మూడుసార్లు నా దుకాణానికే వచ్చింది గదా అమ్మీ."