ముళ్లపంది నిద్ర

ఎండలు ముదిరి అడవిలో ఒక్క చెలమే మిగిలింది. దాన్ని లోతు చేయడానికి అందరూ పొద్దున్నే రావాలనీ, పనిలో కునికేవాళ్లకు నీళ్లు లేవనీ పెద్దరికం చేస్తున్న కోతి చాటింది. మొదటి రోజే, పిల్లల తల్లి ముళ్లపంది తవ్వుతూ తవ్వుతూ నిద్రలోకి జారుకుంది.

"ఒళ్లు బద్ధకం! దీని ఇంటికి చుక్క నీళ్లివ్వొద్దు," అంది కోతి.

ముళ్లపందికి కడుపు మండిపోయింది. "రాత్రంతా తవ్వమను, తవ్వుతాను. పగలు నా కళ్లు మూతలు పడిపోతాయి. ఇది బద్ధకమా?"

"ఎండను చూసి నిద్ర నటిస్తోందేమో తేలుద్దాం," అని గట్టున ఉన్న కొంగ ముళ్లపందినీ, పగలు తిరిగే ఉడతనూ కొన్నాళ్లు వెలుతురు చొరని గుహలో చెరో మూలన ఉంచి, బయట కూర్చుని చప్పుళ్లు వింది. లోపల పొద్దు జాడే తెలియదు. అయినా రోజూ తెల్లవారేసరికి ఉడత గెంతులు మొదలయ్యేవి. పొద్దుగూకేసరికి ముళ్లపంది నేల గీరడం మొదలుపెట్టేది.

"రాత్రీ పగలూ దాని ఒంట్లోనే ఉన్నాయి. అది బద్ధకం కాదు," అని కొంగ అందరి ముందూ చెప్పింది.

కోతి తల గోక్కుంది. "ఉంటే ఉన్నాయి. మార్చుకోమను."

ముళ్లపంది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "నా పిల్లలు ఇన్నాళ్లూ చెట్ల వేళ్లు నమిలి దాహం తీర్చుకున్నారు. నా తప్పు తేల్చడానికి నన్ను చీకట్లో పెట్టారు. ఇప్పుడు తప్పు నీదని తేలింది. నువ్వేం మార్చుకుంటావు, కోతి మామా?"

ముళ్లపంది కోతిని పక్కకు నెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని చెలమలోకి దిగింది. ఆపడానికి ఎవరూ కదల్లేదు.