వెయిటింగ్ హాల్లో కాక్టస్

"ఏయ్! ఆ మొక్కనెందుకు పీకుతున్నవ్?"

మహేశ్ అరుపుకి పంజాగుట్ట ఆస్పత్రి వెయిటింగ్ హాలంతా తిరిగి చూసింది.

కిటికీ దగ్గర నేల మీద కూర్చున్న పెద్దాయన మాత్రం తలెత్తలేదు. ముళ్లు గుచ్చుకోకుండా ఆ గుండ్రటి బ్యారెల్ కాక్టస్‌కి పేపరు మడిచి చుట్టి, కుండీలోంచి మెల్లగా బయటికి లాగాడు.

మహేశ్ పరుగున అక్కడికొచ్చాడు.

పన్నెండు రోజులుగా అతని భార్య మంజూష ఐసీయూలో ఉంది. లివర్ పూర్తిగా పాడైంది. ఇంట్లో ఎవరిదీ కలవలేదు. చనిపోయినవాళ్లది ఎవరిదైనా దొరికితే మారుస్తామన్నారు. దొరక్కపోతే రెండు రోజులకి మించి చెప్పలేమని నిన్ననే తేల్చేశారు.

భయంలో మనిషి దేన్నయినా నమ్ముతాడు. మహేశ్ ఈ కాక్టస్‌ని నమ్మాడు. ఇది పచ్చగా ఉంటే మంజూషకేం కాదని మొదటి రోజే అనుకున్నాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే మనిషి, నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పొద్దునొక బాటిల్, సాయంత్రమొక బాటిల్ నీళ్లు పోసి దండం పెట్టుకున్నాడు.

మూడు రోజులుగా అది పసుపు రంగుకి తిరుగుతోంది. మూడు రోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు.

"అడుగు మెత్తబడ్డది, చూడు బిడ్డా." పెద్దాయన వేలితో నొక్కి చూపించాడు. "వేర్లు నల్లగైనయ్. వాసన సుత వస్తున్నది. గిన్ని నీళ్లు ఎవరు పోసిండ్రు?"

మహేశ్ చేతిలోని నీళ్ల బాటిల్‌ని వెనక్కి దాచుకున్నాడు.

"నెలకు రెండుసార్లు పోస్తే మస్తయితది దీనికి. పాపం, మంచికనే పోసిండ్రు గావచ్చు."

సంచిలోంచి పండ్లు కోసే కత్తి తీసి, శానిటైజర్‌తో తుడిచి, అడుగు కోశాడు. లోపలంతా గోధుమరంగు. కత్తి తుడిచి మళ్లీ కోశాడు.

మహేశ్ కత్తికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "ఆపు! అది చస్తే నా భార్య చస్తది! లోపల మనుషుల పానం పోతుంటే నీకు మొక్కలతోని ఆటలా? ఆ బాధ నీకేం తెలుస్తది?"

పెద్దాయన చెయ్యి ఆగింది. మహేశ్ మొహంలోకి చూశాడు. ఇంకో ముక్క కోశాడు. ఈసారి లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది.

"భయపడకు. పైన మంచిగనే ఉన్నది. పది రోజులు నీడల ఆరబెట్టు. కోసిన కాడ గట్టిపడ్డంక పొడి ఇసుకల పెట్టు. వేర్లు వచ్చేదాంక నీళ్లొద్దు."

"బతుకుతదా?"

"బతుకుతది."

లోపల్నించి ఎవరో పిలిచారు. ఆయన చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు కబురు పెట్టింది. లివర్ దొరికింది. ఆపరేషన్ బాగా జరిగింది. రెండు రోజులకి మంజూష కళ్లు తెరిచి, ఆకలేస్తోందంది.

పదిహేను రోజుల తర్వాత మహేశ్ కాక్టస్‌ని ఇసుకలో నాటి, పెద్దాయన కోసం వెతికాడు. కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకున్నాడు. ఎక్కడా కనిపించకపోతే గార్డు మొగిలయ్యని అడిగాడు.

"హనుమాండ్లన్ననా? ఇంకేడ వస్తడు సార్! కొడుకు బండి మీంచి పడి బ్రెయిన్ డెడ్ అయితే, నాలుగు రోజులు గీ హాల్లనే కూసున్నడు."

మహేశ్ అతని దగ్గరికి జరిగాడు. "ఎప్పుడు?"

"మీ మేడం ఆపరేషన్‌కు ముందురోజే లోపల సంతకం పెట్టిండు. ఆ దినం గీ దవఖానల లివర్ ఇచ్చింది ఆయన కొడుకొక్కడే సార్."