గురునాథం ద్రాక్ష

పది కొమ్మలు. ఒక్కోటి జానెడు పొడవు, పెన్సిలంత లావు. మునిశేఖర్ కొట్టేయాలనుకున్నది అంతే.

కానీ అవి మామూలు ద్రాక్ష కొమ్మలు కావు. ఆస్ట్రియా వాళ్లు మీసం మెలేసి చెప్పుకునే తెల్ల ద్రాక్ష, గ్రూనర్ వెల్ట్‌లీనర్. పుత్తూరు పక్కన కొండవాలులో దయానంద్ తోటలో తప్ప ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. నోరు తిరగని కూలీలు దానికి గురునాథం అని పేరు పెట్టేసుకున్నారు.

దయానంద్ వియన్నాలో పదేళ్లు హోటల్లో వంట చేసి వచ్చినవాడు. ఢిల్లీలో అనుమతులు తీసుకుని మరీ మొక్కలు తెప్పించానని చెప్పుకునేవాడు. ఆ కాగితాలు మాత్రం ఎవరూ చూడలేదు. అందరికీ చూపించేది ఒక ఫోటో. షెడ్డు గోడకు తగిలించి ఉండేది. తిరిగొచ్చిన రోజు చెన్నై విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చుని, కాలికి పుత్తూరు కట్టుతో నవ్వుతూ దిగిన ఫోటో.

"మంచులో జారి కాలు ఇరిగితే పిండికట్టు ఏస్తామన్నారు ఆ ఊరి డాక్టర్లు. పుత్తూరులో పుట్టినోడు పిండికట్టు ఏసుకుంటాడా? నేనే కట్టు కట్టుకున్నా!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ ఫోటోలో కుర్చీ కింద చిన్న నీటి మడుగు కనిపిస్తుంది. విమానం భయానికి సారు తడుపుకున్నాడని కూలీలు చాటుగా పడీపడీ నవ్వేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేది మునిశేఖర్.

మునిశేఖర్ ఆ తోటకు మేస్త్రి. పద్దెనిమిదేళ్లుగా పరాయి తోటల్లో తీగలు కత్తిరిస్తున్నాడు. సొంతానికి అరెకరం ఉంది, అందులో ముళ్లకంప ఉంది. తన చేత్తో పెంచిన తీగ ఒక్కటైనా తన నేలలో పాకాలని అతని కోరిక. సరిగ్గా అడిగాడు కూడా. దయానంద్ ససేమిరా అన్నాడు. కత్తిరించిన కొమ్మలన్నీ కుప్ప పోయించి, ఎదురుగా నిలబడి తగలబెట్టించాడు. మునిశేఖర్‌కు కడుపు మండిపోయింది.

దొరికితే జైలు సంగతి అటుంచి, జిల్లాలో ఏ తోటవాడూ గేటు లోపలికి రానివ్వడు. దయానంద్ తోట గేటు దగ్గరేమో కాపలాకు నాగులమ్మ. సాయంత్రం కూలీల టిఫిన్ క్యారియర్ మూతలు తీయిస్తుంది, తలపాగాలు విప్పిస్తుంది, జాకెట్లో దాచిన జామకాయను కూడా వదలదు.

కానీ ఆమెదీ పుత్తూరే. పుత్తూరులో పుట్టినవాళ్లెవరూ కట్టు మీద చెయ్యి వేయరు. వేస్తే ఎముక కదులుతుందని భయం.

సోమవారం మునిశేఖర్ ఎడమ చేతికి కట్టుతో వచ్చాడు. బండి మీద నుంచి పడ్డానన్నాడు. రెండు రోజులు మూలుగుతూ పనులు పురమాయించాడు. మూడోరోజు మధ్యాహ్నం మోటారు షెడ్డు వెనక కట్టు విప్పి, వెదురు దబ్బలు తీసి పారేసి, వాటి చోట పది గురునాథం కొమ్మలు పేర్చాడు. ముడి పళ్లతో బిగించాడు.

సాయంత్రం గేటు దగ్గర నాగులమ్మ అతని సంచి దులిపింది, జేబులు తడిమింది. కట్టు దగ్గరకొచ్చేసరికి చేతులు వెనక్కి లాక్కుంది.

"పదిలం నాయనా. రోజూ కోడిగుడ్డు తిను, ఎముక తొందరగా అతుక్కుంటాది" అంది.

అంతలో దయానంద్ కారు వచ్చి పక్కన ఆగింది.

"ఏమప్పా మునిశేఖరా, ఎవురు కట్టినారీ కట్టు? వదులైపోయినట్టుండాదే."

"పుత్తూరులోనే కట్టినారు సార్."

దయానంద్ దిగి వచ్చి, వంగి కట్టును వాసన చూశాడు. "పుత్తూరు కట్టంటే గుడ్డుసొన వాసన రావాల, అదే లేదే! ఎక్కు కారు. ఇప్పుడే పోయి మళ్లా కట్టిద్దాం."

"వద్దు సార్, బస్సులో పోతా..."

"ఎక్కబ్బా!"

ఎక్కక తప్పలేదు. వైద్యుడు మొదట చేసే పని కట్టు విప్పడం. మునిశేఖర్ దొంగకు తేలు కుట్టినట్టు కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో కనిపించిన ప్రతి దేవుడికీ మొక్కాడు. చర్చి ముందు నుంచి పోతే దానికీ మొక్కాడు.

ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా కారు చింతచెట్టు కింద ఆగింది. దయానంద్ వెనక సీటు నుంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, తొణక్కుండా ఆ కట్టు మీద పోయడం మొదలుపెట్టాడు.

మునిశేఖర్ అదిరిపడ్డాడు. "సార్, సార్! కట్టుకు నీళ్లు తగలగూడదు!"

"ఎముకకైతే తగలగూడదు. కొమ్మకు తగలకుంటే చిగురేసే కళ్లెండిపోతాయి. ఇంత పనితనం ఉండి ఆ మాత్రం తెలీదా నీకు?"

మునిశేఖర్ కట్టు చేత్తోనే దండం పెట్టాడు.

"తప్పైపోయింది సార్... పోలీసులకు మాత్రం..."

"పోలీసులా? వాళ్లొస్తే మొదట నా తోటలోకే వస్తారబ్బా. కొమ్మలెందుకు తగలబెట్టించినాననుకుంటివి? ఇది ఊరంతా పాకితే ఎవుడో ఒకడు యాడ్నించి వచ్చిందని అడుగుతాడని. ఈ పది నీ నేలలో నాటుకో. ఎవురడిగినా గురునాథం అనే చెప్పు, వేరే పేరెత్తొద్దు."

సీసాలో చివరి చుక్క దాకా కట్టు మీద వంచి, దయానంద్ కారు స్టార్ట్ చేశాడు.

"ఆ ఫోటోలో కుర్చీ కింద నీళ్లు సూసి ఇన్నేండ్లు నవ్వినారు గదా, ఆ పొద్దు నా కాలు ఇరగలేదప్పా, కట్టులో పన్నెండు కొమ్మలుండినాయి."