బాద్‌షాకు జోడీ

"గొలుసు ఇటివ్వవయ్యా. లారీ వాకిట్లో ఉంది. చీకటి పడకముందే దీన్ని అడవిలో వదలాలి," అన్నాడు సదాశివ.

నన్నే సాహెబ్ గొలుసు వదల్లేదు. పోలీసు చర్య జరగ్గానే బొల్లారం జాగీర్దారు కరాచీకి చెక్కేశాడు. సికింద్రాబాదు బంగళాలో మిగిలింది ఆయన వేట చీతా బాద్‌షా, దాని కాపరి నన్నే సాహెబ్. ఇప్పుడు కొత్త సర్కారు తరఫున ఈ అడవి ఆఫీసరు బెజవాడ నుంచి ఊడిపడ్డాడు.

"అడవిల ఏం తింటడు సాబ్? జింకలన్నిటిని దొరలు కాల్చుక తిన్నరు. గిన్నెల పెడితే తప్ప వీడు ముట్టడు. రెండు దినాలల్ల చస్తడు!"

"అడవి జంతువు అడవిలోనే ఉండాలి. దేశంలో చీతాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. జంట ఉంటే పిల్లల కోసమైనా ఇక్కడే ఉంచుదును. ఒంటి మగదాన్ని కట్టేసి మేపితే ఏం లాభం?"

నన్నే సాహెబ్ బాద్‌షా వీపు మీద చెయ్యి వేశాడు. పాలు పట్టి పెంచిన ప్రాణం. పిల్లలు లేని తనకూ, భార్య చాంద్‌బీకీ వాడే బిడ్డ.

"జోడీ లేదని ఎవలన్నరు సాబ్?" అన్నాడు. "అగో, ఆ మూలగదిల ఉంది. కడుపుతోని ఉంది."

గది గుమ్మానికి నిండుగా పరదా వేలాడుతోంది. సదాశివ నోరు తెరిచాడు.

"కట్టేసి పెంచితే చీతా చూలు కట్టడమా! ఎక్కడా వినలేదే!"

"నవాబుల ఇల్లు సాబ్. ఇక్కడ అన్నీ అయితయి."

"ఏదీ, చూడనీ."

"తోబ తోబ! పరాయి మొగోని వాసన తగిలితే కడుపు పోతది."

సదాశివ వినకుండా అడుగు ముందుకేశాడు. లోపల గుర్రుమంది. ఇంకో అడుగేశాడు. ఈసారి పరదా అదిరేలా బుసకొట్టింది. ఆఫీసరు ఒక్క గెంతులో వాకిట్లో పడ్డాడు. బాద్‌షా వెళ్లి నన్నే సాహెబ్ కాళ్ల వెనక నక్కాడు.

"మగది ఇంత భయపడుతోందేం?"

"ఆమె కోపం అట్లుంటది సాబ్. నేను సుత దూరముంట."

సదాశివ ముఖం వెలిగిపోయింది. "ఈనేదాకా ఈ జంటను ఎవరూ కదపకూడదు. పైవాళ్లకు నేను చెప్పుకుంటాను. పిల్లలు పుట్టగానే కబురు చెయ్యి!"

లారీ మోత సందు దాటేదాకా నన్నే సాహెబ్ సలాం చేసిన చెయ్యి దించలేదు. తర్వాత బాద్‌షాను కావలించుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"పోయిండు. ఇగ చాలు," అన్నాడు గది వైపు తిరిగి.

పరదా జరిపి, గొంతు సవరించుకుంటూ చాంద్‌బీ బయటికొచ్చింది.